క్రీడాంగణ విస్తరణ - నగర రవాణా

తిరునాళ్ళకు వచ్చే జనం ఒకేసారి రారు. కొందరు తెల్లవారకముందే బండ్లు కట్టుకొని బయలుదేరుతారు. కొందరు ప్రొద్దెక్కిన తరువాత బస్సులలో వస్తారు. మరికొందరు ఎండ చల్లబడ్డాక పిల్లలను వెంటబెట్టుకొని నడిచి వస్తారు. కాని రథోత్సవం ముగిసిన మరుక్షణం అందరి చూపూ ఇంటిదారి మీదనే నిలుస్తుంది. పగలంతా తెరిపిగా కనిపించిన బస్సుల నిలయంలో అప్పుడు కాలు మోపడానికి చోటు ఉండదు. వచ్చేటప్పుడు లేని ఈ కష్టం పోయేటప్పుడు ఎక్కడి నుండి వచ్చింది? వచ్చినవారు ఎందరో వెళ్ళేవారూ అందరే. వచ్చేటప్పుడు కొన్ని గంటలలో సర్దుకున్న రాకపోకలు, పోయేటప్పుడు కొన్ని నిమిషాలలో కుదించుకొనిపోయాయి. అంతే తేడా.

ప్రపంచంలోని పెద్ద ఫుట్‌బాల్ క్రీడాంగణాలన్నీ ఏడాది పొడుగునా, వారం వారం ఎదుర్కొంటున్న చిక్కు ఇదే. ఆట చూడగోరే ప్రజలు పెరుగుతున్నారు. వారికోసం ఆసనాలు పెంచాలని క్రీడాసంఘాలు కోరుకుంటున్నాయి. ఉక్కు, కాంక్రీటు, ధనం సమకూడితే ఆసనాలను పెంచడం అసాధ్యమేమీ కాదు. అయితే పెరిగిన ప్రతి ఆసనానికీ ఒక మనిషి వస్తాడు. ఆ మనిషి ఏ దారిన వస్తాడు, ఆట ముగిశాక ఏ దారిన వెళ్తాడు అన్న ప్రశ్నకు సమాధానం క్రీడాంగణం లోపల దొరకదు. చుట్టూ ఉన్న వీధులలో వెదకాలి. ఇంగ్లాండు దేశంలోని లివర్‌పూల్ నగరంలో ఉన్న ఆన్‌ఫీల్డ్ క్రీడాంగణ చరిత్ర ఈ విషయాన్ని చక్కగా విశదం చేస్తుంది.

ఇళ్ళ నడుమ వెలసిన ఆటస్థలం

ఆన్‌ఫీల్డ్ మైదానంలో 1884లో ఫుట్‌బాల్ ఆట మొదలయింది. తొలుత అక్కడ ఆడినది ఎవర్టన్ సంఘం. స్థలం అద్దె విషయంలో తలెత్తిన వివాదం కారణంగా ఆ సంఘం 1892లో ఆన్‌ఫీల్డ్‌ను విడిచి, స్టాన్లీ పార్కుకు అవతలివైపున ఉన్న గూడిసన్ పార్కుకు తరలిపోయింది. ఖాళీ అయిన మైదానంలో ఆడడానికి అదే సంవత్సరం లివర్‌పూల్ ఫుట్‌బాల్ క్లబ్ ఏర్పడింది. రెండు మైదానాల మధ్య దూరం ఒక మైలు కూడా లేదు.

ఆ రోజులలో లివర్‌పూల్ గొప్ప ఓడరేవు. రేవులలోను, కర్మాగారాలలోను పనిచేసే శ్రామికులకోసం ఇటుక ఇళ్ళు వరుసలు వరుసలుగా వెలిశాయి. ఒక ఇంటి గోడ మరొక ఇంటి గోడను ఆనుకొని ఉండే ఈ ఇళ్ళకు ముందు పెరడు లేదు, బండి నిలిపే చోటూ లేదు. గడప దాటితే వీధే. కారు అన్నది సామాన్యుడి ఊహకు కూడా అందని కాలంలో వేసిన వీధులవి. శనివారం మధ్యాహ్నం వరకు పనిచేసి, జీతం అందుకొని, నడుచుకుంటూ ఆట చూడడానికి వెళ్ళే ప్రేక్షకుడికి అవి సరిపోయాయి. దూరం నుండి వచ్చేవారికి ట్రాములు ఉండేవి.

1906లో మైదానానికి ఒక చివర పెద్ద మట్టిదిబ్బ పోసి, దానిమీద మెట్లు కట్టారు. 1900లో దక్షిణాఫ్రికాలో జరిగిన స్పయాన్ కాప్ యుద్ధంలో లాంకషైర్ ప్రాంతపు సైనికులు అనేకులు మరణించారు. వారి స్మృతికి చిహ్నంగా ఆ దిబ్బకు 'కాప్' అన్న పేరు స్థిరపడింది. 1928లో దానికి పైకప్పు వేశారు. వేలాదిమంది భుజం భుజం రాచుకుంటూ అక్కడ నిలబడి ఆట చూసేవారు.

1952 ఫిబ్రవరి 2న వుల్వర్‌హాంప్టన్ వాండరర్స్ జట్టుతో జరిగిన పోటీకి 61,905 మంది హాజరయ్యారు. ఆన్‌ఫీల్డ్ చరిత్రలో అదే అత్యధిక హాజరు. ఈ సంఖ్యను గుర్తుంచుకోవడం అవసరం. ఎందుకంటే డెబ్బై ఏళ్ళ తరువాత కోట్ల పౌండ్లు వెచ్చించి క్రీడాంగణాన్ని విస్తరించినపుడు దాని సామర్థ్యం సరిగ్గా ఆ సంఖ్యకు దగ్గరగానే వచ్చి ఆగింది. ప్రేక్షకుల సంఖ్య దాదాపు అదే. మైదానం ఉన్న చోటూ అదే. అయినా 1952లో లేనంతగా రవాణా సమస్య ఇప్పుడు ఎందుకు తలెత్తింది? ఈ ప్రశ్నే ఇక్కడ పరిశీలించవలసిన ముఖ్యాంశం.

తగ్గిన చోటు, పెరిగిన ఆదరణ

1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్ నగరంలోని హిల్స్‌బరో క్రీడాంగణంలో ఘోర విషాదం సంభవించింది. లివర్‌పూల్ జట్టు ఆడుతున్న ఆ పోటీకి వచ్చిన ప్రేక్షకులు ఇనుప కంచెల మధ్య క్రిక్కిరిసి, ఊపిరాడక నలిగిపోయారు. ఆ దుర్ఘటనలో గాయపడి, ఎన్నో ఏళ్ళ తరువాత 2021లో కన్నుమూసిన వ్యక్తితో కలిపి మృతుల సంఖ్య 97. దీనిపై విచారణ జరిపిన న్యాయమూర్తి టేలర్ 1990లో తుది నివేదిక సమర్పించారు. పెద్ద క్రీడాంగణాలలో ప్రేక్షకులందరికీ ఆసనాలు ఉండాలని ఆయన సిఫారసు చేశారు.

ఆ సిఫారసును అనుసరించి 1994 ఏప్రిల్ 30తో కాప్‌లో నిలబడి ఆట చూసే ఆచారం ముగిసింది. దాని స్థానంలో సుమారు 12 వేల ఆసనాలతో కొత్త స్టాండు వెలిసింది. నిలబడే మనిషికంటే కూర్చునే మనిషికి ఎక్కువ చోటు కావాలి. అందువల్ల భద్రత పెరిగింది, సామర్థ్యం తగ్గింది. ఒకప్పుడు అరవై వేలమందిని ఇముడ్చుకొన్న ఆన్‌ఫీల్డ్ సామర్థ్యం నలభై అయిదు వేలకు చేరింది.

సరిగ్గా అదే కాలంలో ఆటకు ఆదరణ వెల్లువెత్తింది. 1992లో ప్రీమియర్ లీగ్ ప్రారంభమయింది. టెలివిజన్ ద్వారా ఆట ప్రపంచమంతటికీ చేరింది. లివర్‌పూల్ జట్టు అభిమానులు ఇరుగుపొరుగు వీధులకే పరిమితం కాలేదు. ఐర్లాండు నుండి, నార్వే నుండి, ఇంకా దూరదేశాల నుండి విమానాలలో వచ్చి ఆట చూసేవారు పెరిగారు. సీజన్ టికెట్లకోసం పదుల వేలమంది ఏళ్ళ తరబడి నిరీక్షించవలసి వచ్చింది. ఆన్‌ఫీల్డ్‌ను పెంచడమో, విడిచిపోవడమో తప్పదన్న పరిస్థితి ఏర్పడింది.

విడిచిపోవడమా? విస్తరించడమా?

మొదట విడిచిపోవడానికే మొగ్గు చూపారు. పక్కనే ఉన్న స్టాన్లీ పార్కులో కొత్త క్రీడాంగణం కట్టాలన్న ప్రతిపాదన 2002లో వెలువడింది. దానికి అనుమతులు వచ్చాయి, నమూనాలు మారాయి, క్లబ్ యాజమాన్యాలు కూడా మారాయి. పని మాత్రం సాగలేదు. చివరకు 2012 అక్టోబరులో ఆ ఆలోచనను విరమించి, ఉన్నచోటనే విస్తరించాలని నిర్ణయించారు.

ఈ పదేళ్ళ ఊగిసలాటకు మూల్యం చెల్లించినవారు స్థానికులు. విస్తరణకు అవసరం కావచ్చునని క్రీడాంగణం వెనుక వీధులలో కొన్ని ఇళ్ళను క్లబ్ ముందుగానే కొన్నది. వాటిలో పలు ఇళ్ళు తలుపులకు రేకులు బిగించి ఏళ్ళ తరబడి ఖాళీగా ఉండిపోయాయి. ఖాళీ ఇంటి పక్కన కాపురం ఉండేవారికి భయం, ఇంటి విలువ పడిపోతుందన్న బెంగ రెండూ కలిగాయి. ఒక సంస్థ నిర్ణయం వాయిదా పడుతున్నంతకాలం ఒక పేట బ్రతుకే వాయిదా పడిందని అక్కడివారు బాధపడ్డారు. తరువాత నగర కౌన్సిల్, క్లబ్, గృహనిర్మాణ సంస్థ కలిసి ఆ ప్రాంత పునరుద్ధరణకు పూనుకొన్నాయి. లోథెయిర్ వీధి ఇళ్ళను పడగొట్టి ప్రధాన స్టాండుకు చోటు చేశారు.

2014 డిసెంబరులో పనులు మొదలయ్యాయి. పాత స్టాండులో ఆటలు సాగుతుండగానే దాని వెనుక కొత్త కట్టడం లేచింది. 2016 సెప్టెంబరులో అది ప్రారంభమయింది. సుమారు 8,500 ఆసనాలు అదనంగా చేరి, మొత్తం సామర్థ్యం 54 వేలయింది. రెండవ దశలో ఆన్‌ఫీల్డ్ రోడ్డు వైపు స్టాండును ఎత్తు పెంచారు. ఈ పని 2021లో మొదలయింది. నిర్మాణం పూర్తికాకముందే 2023 ఆగస్టులో గుత్తేదారు సంస్థ దివాలా స్థితికి చేరడంతో పని కొంత ఆగి, మరొక సంస్థ చేతులమీదుగా 2024 తొలినాళ్ళలో పూర్తయింది. దీనితో మరో 7,000 ఆసనాలు చేరి, సామర్థ్యం 61 వేలు దాటింది. ఈ రెండవ దశలో ఒక విశేషం ఉన్నది. స్టాండుకు పేరునిచ్చిన ఆన్‌ఫీల్డ్ రోడ్డునే పక్కకు జరిపి, కొత్త కట్టడం చుట్టూ తిప్పవలసి వచ్చింది.

ఎనిమిది నిమిషాల నియమం

క్రీడాంగణం లోపల జనాన్ని క్షేమంగా బయటికి పంపడం ఒక శాస్త్రంగా అభివృద్ధి చెందింది. దానికి కూడా ఒక విషాదమే మూలం. 1971 జనవరి 2న స్కాట్లాండులోని గ్లాస్గో నగరంలో, ఐబ్రాక్స్ క్రీడాంగణంలో ఆట ముగిసి ప్రేక్షకులు వెళ్ళిపోతుండగా ఒక మెట్లదారిపై తొక్కిసలాట జరిగి 66 మంది మరణించారు. ఆట జరుగుతున్నప్పటికంటే ముగిసిన తరువాతనే ప్రమాదం ఎక్కువ పొంచి ఉంటుందని ఆ సంఘటన నిరూపించింది. 1973లో బ్రిటిష్ ప్రభుత్వం క్రీడాంగణాల భద్రతకు మార్గదర్శిని ప్రచురించింది. 1975లో చట్టం చేసింది.

ఆ మార్గదర్శిని ప్రకారం, సాధారణ పరిస్థితులలో ప్రేక్షకులందరూ తాము కూర్చున్న చోటు వదలి నిర్గమమార్గాలలోకి చేరడానికి 8 నిమిషాలకు మించి పట్టకూడదు. మెట్ల వెడల్పు ఎంత ఉండాలి, తలుపులు ఎటు తెరుచుకోవాలి, నిమిషానికి ఎంతమంది ఒక దారి గుండా నడవగలరు అన్న లెక్కలన్నీ వేసిన తరువాతనే ఆ క్రీడాంగణం సామర్థ్యాన్ని నిర్ణయిస్తారు. మెట్లు ఇరుకైతే ఎన్ని కుర్చీలున్నా వాటిలో కొన్నింటిని ఖాళీగా ఉంచవలసిందే.

కాని ద్వారం దాటిన తరువాత ఈ కొలత వర్తించదు. 8 నిమిషాలలో లేచి బయలుదేరిన అరవై వేలమంది కొద్దిసేపటిలోనే వీధులలోకి వచ్చిపడతారు. ఆ వీధులు వారిని 8 నిమిషాలలో ఇళ్ళకు పంపలేవు. లోపల ఎంత వేగంగా ఖాళీ అయితే బయట అంత త్వరగా నిండిపోతుంది. కుండ ఎంత పెద్దదైనా నీరు బయటికి వచ్చేది మూతి గుండానే. లోపలి మూతిని వెడల్పు చేసిన కొద్దీ, బయటి మూతి ఇరుకుదనం మరింత స్పష్టంగా బయటపడుతుంది.

ఒక చిన్న లెక్క ద్వారా ఈ సంగతిని అర్థం చేసుకోవచ్చు. కొత్తగా చేరిన 7,000 మందీ బస్సులలోనే వెళ్ళదలచారనుకుందాం. ఒక్కొక్క రెండంతస్తుల బస్సులో 80 మంది ఎక్కగలరనుకుంటే, సుమారు 90 బస్సులు కావాలి. నిమిషానికి ఒక బస్సు చొప్పున నిండి కదిలినా చివరివాడు గంటన్నర నిలబడాలి. అదే 7,000 మంది కారుకు ముగ్గురు చొప్పున వచ్చారనుకుందాం. 2,300కు పైగా కార్లు అవుతాయి. ఒక్కొక్కటి నిలవడానికి వీధి అంచున 6 మీటర్ల చోటు కావాలనుకుంటే, మొత్తం 14 కిలోమీటర్ల పొడవైన వీధి అంచు నిండిపోతుంది. ఇది కొత్తగా చేరినవారి లెక్క మాత్రమే. అంతకు ముందునుండి వస్తున్న 54 వేలమంది అదే వీధులలో ఉన్నారు.

నిలిచిన ట్రాములు, దూరమైన రైలు

ఇప్పుడు 1952 నాటి ప్రశ్నకు సమాధానం తెలుసుకోవచ్చు. నాడు ప్రేక్షకులలో అధికభాగం నగరవాసులే. దగ్గరివారు నడిచేవారు, దూరపువారు ట్రామెక్కేవారు. ఒక్కొక్క ట్రాము పదులకొద్దీ మనుషులను మోసుకొని పోయేది. 1957 సెప్టెంబరులో లివర్‌పూల్‌లో చివరి ట్రాము ఆగిపోయింది. రేవుల వెంట నడిచిన నగరపు ఎత్తయిన రైలుమార్గం అంతకు కొంచెం ముందు, 1956 డిసెంబరులో మూతబడింది. ఆన్‌ఫీల్డ్‌కు చేరువలో ఉన్న వాల్టన్-ఆన్‌ఫీల్డ్ అనే చిన్న రైల్వేస్టేషన్ 1948లోనే ప్రయాణికుల సేవలు నిలిపివేసింది. ఆ మార్గంలో నేడు సరకుల బండ్లు మాత్రమే తిరుగుతున్నాయి. ఈ విధంగా జనాన్ని మూకుమ్మడిగా తరలించే సాధనాలు ఒక్కొక్కటిగా తొలగిపోయాయి. వాటి స్థానంలోకి కారు వచ్చింది.

నేడు ఆన్‌ఫీల్డ్‌కు ఆనుకొని రైల్వేస్టేషన్ లేదు. దూరప్రాంతాల రైళ్ళు ఆగే లైమ్ స్ట్రీట్ స్టేషన్ సుమారు 3 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. స్థానిక రైళ్ళు ఆగే శాండ్‌హిల్స్ స్టేషన్ నుండి మ్యాచ్ రోజులలో 'సాకర్‌బస్' పేరిట ప్రత్యేక బస్సులు నడుపుతారు. రైలు వేగంగా తెచ్చిన ప్రయాణికుడిని అక్కడి నుండి బస్సు నెమ్మదిగా తీసుకొని పోతుంది. ఆట ముగిశాక ఆ బస్సు కూడా జనంతోను, కార్లతోను నిండిన వీధులలోనే దారి చేసుకోవాలి. పాదచారుల క్షేమంకోసం కొన్ని వీధులను మూసివేసినపుడు బస్సుకు చుట్టుదారి తప్పదు. నడిచేవారికి భద్రత కల్పిస్తే బస్సు ఆలస్యమవుతుంది. బస్సుకు దారి ఇస్తే నడిచేవారికి ప్రమాదం. ఒకే వీధి రెండు పనులు చేయవలసి రావడమే దీనికి కారణం.

బస్సుల నిర్వహణలో మరొక చిక్కు ఉన్నది. 1985 నాటి రవాణా చట్టం వలన 1986 అక్టోబరు నుండి లండన్ వెలుపల బస్సు సేవలు ప్రైవేటు సంస్థల చేతికి వెళ్ళాయి. ఏ మార్గంలో ఎన్ని బస్సులు నడపాలో లాభనష్టాలను బట్టి ఆ సంస్థలే నిర్ణయించుకొనేవి. ప్రజాసంస్థ తలచుకొన్నంత మాత్రాన ఒక శనివారం సాయంకాలం వంద బస్సులు ఒకచోట చేరవు. ఈ పద్ధతిని మార్చి, బస్సుల మార్గాలు, వేళలు, చార్జీలు ప్రజాసంస్థ అధీనంలోకి తేవాలని లివర్‌పూల్ నగర ప్రాంత పాలకవర్గం 2023 అక్టోబరులో నిర్ణయించింది. ఆ మార్పును దశలవారీగా అమలు చేయవలసి ఉన్నది.

ఆట చూడనివారి కష్టం

రవాణా సమస్య అనగానే ప్రేక్షకుల ఇబ్బందులే గుర్తుకు వస్తాయి. కాని ప్రేక్షకుడు ఆ కష్టాన్ని కోరి తెచ్చుకొన్నవాడు. ఆట చూసిన ఆనందం దానికి ప్రతిఫలం. ఆటతో నిమిత్తం లేక ఆ వీధులలో నివసించేవారి సంగతి వేరు. సాయంకాలపు విధులకు ఆసుపత్రికి వెళ్ళవలసిన నర్సుకు బస్సు దారి మళ్ళిపోతుంది. మంచాన ఉన్న వృద్ధురాలికి సేవ చేయడానికి వచ్చే సహాయకురాలి కారుకు చోటు దొరకదు. రోగిని తీసుకొనిపోయే అంబులెన్సు జనం నడుమ అంగుళమంగుళం జరగవలసి వస్తుంది. ఆటలు పెరిగిన కొద్దీ ఇటువంటి రోజులు పెరుగుతాయి. పెద్ద క్రీడాంగణం ఆటలకే పరిమితం కాదు కూడా. 2024 జూన్‌లో అమెరికన్ గాయని టేలర్ స్విఫ్ట్ వరుసగా మూడు రాత్రులు ఆన్‌ఫీల్డ్‌లో కచేరీలు చేసింది.

ఈ కష్టాన్ని తగ్గించడానికి నగర కౌన్సిల్ క్రీడాంగణం చుట్టూ మ్యాచ్ రోజుల పార్కింగ్ మండలాన్ని ఏర్పాటు చేసింది. ఆ వీధులలో అనుమతిపత్రం ఉన్న నివాసులే కార్లు నిలపాలి. ఇది మంచి ఏర్పాటే. అయితే దాని అంచున సమస్య మళ్ళీ తలెత్తుతుంది. మండలంలో చోటు లేని కార్లు సరిహద్దుకు ఆవలి వీధులకు చేరుతాయి. అప్పుడు అక్కడివారు తమ వీధులను కూడా మండలంలో చేర్చమని కోరుతారు. అంతేకాదు, మ్యాచ్ నాడు ఇంటికి చుట్టాలు వస్తే వారి కారుకోసం కూడా అనుమతిపత్రం వెదుక్కోవాలి.

అయితే స్థానికులందరూ క్రీడాంగణాన్ని ద్వేషిస్తున్నారనుకోవడం పొరపాటు. వేయించిన చేపలు, బంగాళాదుంపలు అమ్మే దుకాణాలు, తేనీటి హోటళ్ళు, మద్యశాలలు, కండువాలు అమ్మే చిన్న వ్యాపారులు మ్యాచ్ రోజుల ఆదాయం మీదనే ఆధారపడి ఉన్నారు. ఆ పేటవారిలో జట్టు అభిమానులు ఎందరో ఉన్నారు. వారు అడుగుతున్నది క్రీడాంగణాన్ని మూసివేయమని కాదు; లాభం ఎంతదూరం పంచుతారో భారాన్ని కూడా అంతదూరం ఆలోచించి పంచమని.

పరిష్కార మార్గాలు

ఇటువంటి సమస్యకు ఒకే పరిష్కారం ఉండదు. మొదటి మార్గం సమయాన్ని సాగదీయడం. జనం రాక సహజంగానే కొన్ని గంటలపాటు సాగుతుంది. పోకను కూడా అలాగే కొంత విస్తరింపజేయగలిగితే ఒత్తిడి తగ్గుతుంది. అందుకే ఆట ముగిసిన తరువాత కూడా క్రీడాంగణంలో తినుబండారాల దుకాణాలను తెరచి ఉంచడం, సంగీత కార్యక్రమాలు ఏర్పాటు చేయడం పలుచోట్ల ఆచారమయింది. వేయి మంది అరగంట ఆలస్యంగా బయలుదేరితే, వేయి మందికి సరిపడే బస్సులను అదనంగా కొన్నంత ప్రయోజనం.

రెండవ మార్గం కారుకు ప్రత్యామ్నాయం కల్పించడం. కారు నిలపవద్దన్నంత మాత్రాన కారు ఆగదు. అంతకంటే సులువైన మరో దారి కనిపించాలి. నగర కేంద్రం వరకు వెలుతురున్న నడకదారులు, సైకిళ్ళు భద్రపరచే చోట్లు, దూరాన కార్లు నిలిపి బస్సులో వచ్చే సదుపాయం ఇటువంటివే. క్రీడాంగణాల విస్తరణకు అనుమతి ఇచ్చేటపుడు రవాణా ప్రణాళికను సమర్పించాలని బ్రిటన్‌లోని పురపాలక సంస్థలు షరతు విధిస్తాయి. కట్టడం నమూనాతోపాటు ప్రేక్షకుడి ప్రయాణం నమూనా కూడా సిద్ధం కావాలి.

మూడవది రైలు. రైలు ఒక్కసారిగా వందలాదిమందిని తరలించగలదు. కాని స్టేషన్ దగ్గరగా ఉండడం ఒక్కటే చాలదని లండన్ అనుభవం చెబుతున్నది. ఆర్సెనల్ జట్టు 2006లో హైబరీలోని 38 వేల సామర్థ్యం గల మైదానాన్ని విడిచి, సమీపంలోనే 60 వేల ఆసనాల కొత్త క్రీడాంగణానికి మారింది. దానికి అత్యంత చేరువలో ఉన్న స్టేషన్లలో హాలోవే రోడ్ ఒకటి. 1906లో తెరచిన ఆ భూగర్భ స్టేషన్‌లో ప్రయాణికులు పైకీ క్రిందికీ ప్రధానంగా లిఫ్టులలోనే వస్తారు. లిఫ్టు ఒక్కసారికి కొద్దిమందినే మోయగలదు. అందుచేత అత్యవసరమయిన మ్యాచ్ రోజులలోనే ఆ స్టేషన్ వాడకాన్ని పరిమితం చేయవలసి వస్తున్నది. చుట్టుపక్కల మరికొన్ని స్టేషన్లు ఉండడం వలన జనం నలుదిక్కులకూ చీలిపోగలుగుతున్నారు. ఆన్‌ఫీల్డ్‌కు అటువంటి అదృష్టం లేదు.

లివర్‌పూల్ నగరంలో ఈ పాఠం మరొకసారి పరీక్షకు వచ్చింది. ఎవర్టన్ జట్టు 2025లో గూడిసన్ పార్కు నుండి మెర్సీ నది ఒడ్డున బ్రామ్లీ-మూర్ రేవులో కట్టిన కొత్త క్రీడాంగణానికి మారింది. దాని సామర్థ్యం సుమారు 53 వేలు. దానికి దగ్గరి రైల్వేస్టేషన్ ఏది? ఆన్‌ఫీల్డ్ ప్రేక్షకులు దిగే ఆ శాండ్‌హిల్స్ స్టేషనే. రెండు పట్టాల నడుమ ఎత్తున ఉన్న ఆ చిన్న స్టేషన్ ఇప్పుడు రెండు పెద్ద క్రీడాంగణాల భారం మోయవలసి వచ్చింది. ప్లాట్‌ఫారం మీద జనం కిక్కిరిసిపోకుండా, స్టేషన్ వెలుపలనే వారిని వరుసలలో నిలిపి విడతలు విడతలుగా లోపలికి పంపుతున్నారు. కొత్త క్రీడాంగణం చుట్టూ కూడా పార్కింగ్ ఆంక్షలు విధించగా, అక్కడి వ్యాపారులు తమ ఖాతాదారులు దూరమవుతారని ఆందోళన వ్యక్తం చేశారు.

ద్వారం వెలుపల బాధ్యత

ఈ సమస్య ఒక్క ఫుట్‌బాల్‌కో, ఒక్క ఇంగ్లాండుకో చెందినది కాదు. 2025 జూన్ 4న బెంగుళూరు చిన్నస్వామి క్రికెట్ క్రీడాంగణంలో విజయోత్సవం చూడడానికి లోపల పట్టేవారికంటే ఎన్నో రెట్లు ఎక్కువమంది తరలివచ్చారు. ద్వారాల వద్ద జరిగిన తొక్కిసలాటలో 11 మంది ప్రాణాలు కోల్పోయారు. వారు మరణించినది ఆసనాలలో కాదు, వీధిలో. హైదరాబాదులోని ఉప్పల్ క్రికెట్ క్రీడాంగణానికి చేరువలో 2017 నుండి మెట్రో రైలు నడుస్తున్నది. ఆ స్టేషన్ పేరే 'స్టేడియం'. రాత్రి పోటీలు ఆలస్యంగా ముగిసే రోజులలో రైళ్ళను మామూలు వేళకు మించి నడుపుతుంటారు. ఆటవేళను, రైలువేళను కలిపి ఆలోచించడం ఎంత అవసరమో ఈ చిన్న ఏర్పాటు తెలియజేస్తుంది.

ఒక క్రీడాంగణం ఎంత పెద్దదని అడిగితే సాధారణంగా ఆసనాల సంఖ్య చెబుతారు. ఆ సంఖ్య సగం సమాధానమే. అన్ని వేలమందిని చుట్టూ ఉన్న వీధులు ఎంతసేపటిలో, ఎంత క్షేమంగా, ఎవరికి ఎంత కష్టం కలిగించి ఇళ్ళకు చేర్చగలవన్నది మిగిలిన సగం. మొదటి సగాన్ని క్రీడాసంఘం తన ధనంతో కట్టుకోగలదు. రెండవ సగం రైల్వేవారు, బస్సు నిర్వాహకులు, పోలీసులు, నగరపాలకులు, పేట ప్రజలు కలిస్తేగాని సమకూడదు. ఆట ముగిసి, దీపాలు ఆరి, చివరి ప్రేక్షకుడు ఇల్లు చేరి, వీధిలోని వృద్ధురాలి ఇంటి ముందుకు మళ్ళీ బస్సు వచ్చినపుడే ఆ నాటి పోటీ నిజంగా ముగిసినట్లు.